నిర్బంధం నుంచి శ్రేయస్సుకు: భారతీయ బాలల చట్టాల పరిణామం

ఉపోద్ఘాతం

కుటుంబ ఆదరణకు దూరమైన పిల్లల బాధ్యతను రాజ్యం స్వీకరించడం ఆధునిక న్యాయవ్యవస్థలో ముఖ్యమైన పరిణామం. వారికి ఆశ్రయం ఇస్తే చాలునా, వారి శ్రేయస్సుకు కూడా రాజ్యం పూచీ పడాలా? ఈ ప్రశ్నకు భారతీయ చట్టాలు ఇచ్చిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వలసపాలన కాలం

1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టం, నేరం చేసిన 15 ఏళ్ల లోపు బాలురను జైలుకు బదులు సంస్కరణ పాఠశాలలో 3 నుంచి 7 ఏళ్లపాటు ఉంచే వీలు కల్పించింది. బాలికలు, నేరమెరుగని అనాథలు ఆ చట్టం పరిధిలోకి రాలేదు. 1920 నాటి మద్రాసు బాలల చట్టం నిరాశ్రయులైన పిల్లలను కూడా రక్షణ పరిధిలోకి తెచ్చింది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల ఈ చట్టం తెలుగు ప్రాంతాలకూ వర్తించింది. తెలంగాణకు 1951లో హైదరాబాదు బాలల చట్టం వచ్చింది.

స్వాతంత్ర్యానంతర దశ

1986 నాటి బాలల న్యాయచట్టం రాష్ట్రానికొక తీరుగా ఉన్న చట్టాల స్థానంలో ఉమ్మడి వ్యవస్థను నెలకొల్పింది. అందులో బాలురకు 16, బాలికలకు 18 ఏళ్లు వయోపరిమితి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. తర్వాత వచ్చిన 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 ఏళ్లనే పరిమితిగా నిర్ణయించింది. ‘నిర్లక్ష్యానికి గురైన బాలలు’ అనే మాటకు బదులు ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అని వ్యవహరించింది. ఇది కేవలం పదాల మార్పు కాదు. పిల్లల లోపాన్ని గాక, వారి అవసరాన్ని చూసే దృష్టి ఇందులో ఉంది.

2015 నాటి చట్టం ఈ దృష్టిని మరింత ముందుకు తీసుకువెళ్లింది. సంరక్షణ గృహాన్ని చివరి మార్గంగా భావించి, దత్తత, పెంపకం వంటి కుటుంబాధారిత సంరక్షణకు ప్రాధాన్యమిచ్చింది. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలని, తనకు సంబంధించిన నిర్ణయాలలో ఆ బిడ్డ అభిప్రాయాన్ని వినాలని నిర్దేశించింది.

ముగింపు

అయితే 18 ఏళ్లు నిండి గృహాన్ని విడిచే యువత విషయంలో ఈ చట్టం తడబడింది. 46వ సెక్షన్ ప్రకారం వారికి ఆర్థిక సహాయం ‘అందించవచ్చు’. ‘అందించి తీరాలి’ అని లేదు. కుటుంబంలో పెరిగిన యువతకు 18వ పుట్టినరోజుతో ఇల్లు దూరం కాదు. రాజ్యమే తల్లిదండ్రుల స్థానంలో నిలిచిన పిల్లలకు మాత్రం ఆ రోజు తర్వాతి ఆసరా అధికారుల విచక్షణకు లోబడుతున్నది. నిర్బంధంతో మొదలై శ్రేయస్సు వైపు సాగిన ఈ చరిత్రలో పూర్తికావలసిన ఘట్టం ఇదే. ఆ సహాయం యువత హక్కుగా మారినప్పుడే రాజ్యం స్వీకరించిన బాధ్యత సార్థకమవుతుంది.