జనాభా లెక్కలలో తెలుగు

భారతదేశమున జనులను లెక్కించు ప్రయత్నము 1872లో ఆరంభమైనను, దేశమంతట ఏకకాలమున జరిగిన మొదటి గణనము 1881 నాటిది. అది మొదలు పదియేండ్ల కొకమారు లెక్కల ఉద్యోగి గడప యెక్కి, ఇంటిల్లిపాది వయస్సు, వృత్తి, మతము, మాతృభాష వ్రాసికొని పోవుచు వచ్చెను. పాలకులు మారిరి, పాలనా విధానము మారెను, ఈ ఆచారము మాత్రము 2011 వరకు తప్పలేదు.

ఆ పట్టికలలో తెలుగు స్థానమును పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. 1951లో తెలుగువారు 3 కోట్ల 30 లక్షలు. హిందీ తరువాతి స్థానము తెలుగుదే. 1961లోను అంతే. 1971లో వంగభాష స్వల్పమైన తేడాతో ముందునకు వచ్చెను. 2011 నాటికి మరాఠీ కూడ దాటిపోగా, తెలుగు నాల్గవదయ్యెను. అప్పటి తెలుగువారి సంఖ్య 8 కోట్ల 11 లక్షలు. అనగా సంఖ్య రెండింతలకు మించి పెరిగినది. కాని 1971లో నూటికి 8.16 వంతులుగా నున్న భాగము 6.70కి తగ్గినది.

ఇది భాషకు కలిగిన క్షయమని తలంపరాదు. తెలుగునాట కుటుంబములు చిన్నవైనవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము స్త్రీ యొక్కరికి సగటు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహారులో 3.0. మితసంతానము పాటించిన రాష్ట్రములకు ప్రాతినిధ్యము తగ్గరాదను తలంపుతోనే 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానముల పంపకమును 1971 లెక్కలకు కట్టివేసెను. 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనగణన వరకు పొడిగించెను.

ఇక ఢిల్లీ సంగతి. 1941లో ఇచ్చటి జనసంఖ్య 9 లక్షల 18 వేలు. దేశవిభజనానంతరము కాందిశీకులు తరలివచ్చుటచే 1951 నాటికి 17 లక్షల 44 వేలకు, 2011 నాటికి 1 కోటి 67 లక్షల 88 వేలకు పెరిగినది. వలస వచ్చినవారితో నిండిన యీ నగరమున, ఉద్యోగరీత్యా చేరిన తెలుగు కుటుంబములును కొన్ని.

జనగణన నియమము ననుసరించి మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష. కావున ఢిల్లీలో పుట్టిన బిడ్డకు అక్షరము రాకున్నను, తల్లి తెలుగున పలుకరించినచో పట్టికలో తెలుగువాడే. ఆ బిడ్డ తెలుగు చదువగలడా యని లెక్కల ఉద్యోగి యడుగడు. 2021లో జరుగవలసిన గణనము వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా జరుగునని 2025లో ప్రకటింపబడినది. దేశపు పట్టికలో స్థానము దిగుట కుటుంబముల పరిమాణమును బట్టి జరిగినది. దానికి చింతింప పనిలేదు. తల్లి పలుకు బిడ్డ చేతివ్రాతలోనికి దిగకుండుట యే పట్టికకును ఎక్కని నష్టము. దానిని లెక్కించవలసినవారు ఇంటిలోని పెద్దలే.