కొల్లేరు హద్దు: కాంటూరు రేఖ, ఉపగ్రహ చిత్రం – ఒక చారిత్రక పరిశీలన

కొల్లేరు విస్తీర్ణం ఎంత అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఎన్నడూ లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని నిలుపుకొని ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి వదిలే ఈ సరస్సు వర్షాకాలంలో ఏలూరు, కైకలూరు, ఆకివీడు దిక్కులకు పొంగి, వేసవి నాటికి లంకల మధ్యకు కుంచించుకుపోతుంది. తీరమే కదిలే సరస్సుకు తీరాన్ని హద్దుగా నిర్ణయించడం సాధ్యం కాదు. అందువల్ల సముద్రమట్టం నుండి ఎత్తును తెలిపే కాంటూరు రేఖ దాని హద్దు అయింది.

ఈ రేఖ ఎంత సున్నితమైనదో అంకెలే చెబుతాయి. పదో కాంటూరు వరకు లెక్కిస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన విస్తీర్ణం ఇదే. ఐదో కాంటూరు వరకు 308. 1999 అక్టోబరు 4 నాటి 120వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు అభయారణ్యంగా ప్రకటించినది ఇంతమేరకు. మూడో కాంటూరుకు దిగితే మిగిలేది 135 మాత్రమే. అంటే రెండడుగుల తేడాలో 173 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. దాదాపు బల్లపరుపుగా ఉన్న డెల్టా నేలలో సర్వేయరు మట్టపు కొలత ఒక ఊరి బతుకుతెరువును నిర్ణయించగలదు.

1970లలో సహకార సంఘాల ద్వారా లంక గ్రామాలవారికి చేపల చెరువులు ఇచ్చిన నాటి నుండి గట్లు పెరుగుతూ వచ్చాయి. పెట్టుబడిదారుల చేతికి చేరిన తరువాత వాటికి అదుపు లేకపోయింది. ఆ మార్పును లెక్కకట్టినది ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహపరిశోధకులు. ఐ.ఆర్.ఎస్.-1డి ఉపగ్రహం 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రాన్ని వారు విశ్లేషించి, 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఫలితాలను ప్రకటించారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 1,050 చేపల చెరువులు, ఎండిన మరో 38 చెరువులు కలిసి 103 చదరపు కిలోమీటర్లను, అంటే సుమారు 42 శాతాన్ని ఆక్రమించాయి. మరో 8.5 శాతం సాగులోకి పోయింది. తేటనీరు చిత్రంలో ఎక్కడా కనబడలేదు.

చివరి వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. గుర్రపుడెక్క కప్పిన చోట ఉపగ్రహానికి కనిపించేది ఆకు. దాని కింద నీరు ఉండవచ్చు. అయితే చెరువుల లెక్కకు ఈ సందేహం వర్తించదు. గట్ల మధ్య దీర్ఘచతురస్రాలను ప్రకృతి గీయదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు కూల్చారు. రెండేళ్లకు హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తరువాత పరిశీలించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే ఉంచాలని సిఫారసు చేసింది. ఈ వాదంలో ఇరుపక్షాలూ పటాలనే చూపాయి.

పటం చెప్పనిది ఒకటుంది. చిత్రంలో ఏ చెరువు చూసినా ఒకే నీలిముక్క. అది వడ్డి కులస్థుల సంఘానిదా, దూరాన ఉన్న కౌలుదారుదా, సరస్సు గర్భంలోని జిరాయితీ రైతుదా అన్నది అందులో లేదు. గట్టు తెగినప్పుడు ఈ ముగ్గురి నష్టం ఒకటి కాదు. ఆ వివరం కోసం పరిశోధకుడు అడంగళ్లను, సంఘాల సభ్యత్వ పుస్తకాలను తెరిచి, వాటిని చిత్రంతో ఊరూరా సరిపోల్చుకోవాలి.