మెరక, పల్లం

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ నడుమ ఉన్నదే మా దివిసీమ. బయటివాళ్ల కంటికి అంతా ఒకటే చదును. మాకు మాత్రం ఏది మెరకో ఏది పల్లమో చిన్నప్పుడే తెలిసిపోతుంది. కోడూరు వైపు మా ఊళ్లో మెరకన రైతుల ఇళ్లు, చెరువు దాటితే పల్లంలో కూలీల పాకలు. ఇంకా దిగువకెళ్తే పాలకాయతిప్ప దాకా పల్లెకారుల గుడిసెలు.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం దాటింది. వరి కోతకొచ్చింది. తుపాను వస్తోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. అంతకు ముందు వారమే ఒకటి నాగపట్నం మీద పడింది కదా, ఇదీ అటే పోతుందిలే అన్నారు పెద్దలు. పొద్దున్నుంచీ గాలి. మధ్యాహ్నానికి తాటాకులు లేచిపోతున్నాయి. గాలికే భయపడ్డాం గాని నీళ్ల మాట ఎవరికీ తట్టలేదు. పొద్దువాలే వేళకి వాకిట్లోకి నీళ్లొస్తే కాలవ తెగిందనుకున్నాం. నాన్న దోసెడు తీసి నోట పోసుకుని ఉమ్మేశాడు. “ఉప్పురా, పదండి!” అంటూనే గొడ్ల పలుపులు కోసేశాడు.

ఊళ్లో గట్టి డాబా ఒకటే, రైసుమిల్లు వాళ్లది. మామూలప్పుడు ఆ మెట్టు తొక్కనివ్వని వాళ్లని కూడా ఆ పూట ఎవరూ ఆపలేదు. కాకపోతే చెరువవతలి వాళ్లు అక్కడిదాకా రాగలిగితే కదా! రాత్రంతా పిట్టగోడ కింద ఒకరి చేతులొకరం పట్టుకుని బోర్లా పడుకున్నాం, గాలి మనిషిని లేపేస్తుందని.

తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మన తీరంలో అది దాటిన చోటికి ఈశాన్యాన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఆ ఈశాన్యాన ఉన్నది మేమే. కెరటం ఐదారు మీటర్లు లేచిందనీ, నీరు పదిహేను కిలోమీటర్ల లోపలికి వచ్చిందనీ తర్వాత లెక్కలు కట్టారు.

తెల్లారి చూస్తే పల్లంలో పాకలున్న ఆనవాలే లేదు. తుమ్మ ముళ్లకి చీర పేలికలు, గొడ్ల తాళ్లు, మనుషులు. ఆ కొమ్మలే పట్టుకుని బతికినవాళ్లూ ఉన్నారు, ఒళ్లంతా చీరుకుపోయి. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడిలోకి చేరినవాళ్లు దక్కారని చెప్పుకున్నారు. శవాలని ఎవరివని చూడకుండా కుప్పలుగా వేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. ప్రభుత్వం పదివేల పైమాటే అంది. జనం ఇంకా ఎక్కువంటారు. నేను జనం మాటే నమ్ముతాను. కోతలకని వచ్చి పాకల్లో దిగిన పొరుగూరి కూలీల పేర్లు ఏ రేషను కార్డులో వెతుకుతారు?

అవనిగడ్డ ఎమ్మెల్యే, అప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయ పనుల్లో మునిగిపోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి మాకోసం చందాలు అడిగారు. మదర్ థెరిసా కూడా వచ్చారు. బావులు ఉప్పెక్కిపోయి తాగే నీళ్లకి మేం పడ్డ పాట్లు వేరే చెప్పాలి.

ఉప్పెనని దేవుడి మీదికి తోసేసేవాళ్లతో నాకు పేచీ. 1864 నవంబరులో బందరుని ముంచి ముప్పై వేలమందిని తీసుకెళ్లిందీ ఇలాంటిదే. అంటే ఈ తీరానికి ఇది తెలియని సంగతి కాదు. తెలిసీ పల్లంలోకి ఎవరిని నెట్టామో, వాళ్లే పోయారు.

1990 మేలో మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. ఈసారి లక్షలమందిని ముందే కదిలించారు. ఇంత పెద్ద తుపానుకి రాష్ట్రమంతా కలిపి చావులు వెయ్యి దాటలేదు. మా ఊళ్లో షెల్టరుకి మొదట బయల్దేరింది పల్లంవాళ్లే, పిల్లల్ని చంకనేసుకుని, ఎవరూ చెప్పకముందే. మెరకవాళ్లం గేదెల్ని వదల్లేక చీకటి పడేదాకా తాత్సారం చేశాం. మేం వెళ్లేసరికి గోడవార చోటు లేదు. ఇంత ఆలస్యం చేస్తారా అని వాళ్లే మమ్మల్ని కేకలేశారు.