మేస్త్రీ వేలు

సంక్రాంతి దాటిందంటే మా ఊళ్లో మిరప కోతల మాటే. గిద్దలూరు దగ్గరి మెట్ట పల్లె మాది. వాన పడితే కంది, పడకపోతే వలస. తెల్లారకముందే రచ్చబండ దగ్గర ఆడవాళ్లు సద్దిమూటలు పట్టుకుని నిలబడేవాళ్లు. గుంటూరు వైపు పోయే లారీకి ఆనుకుని మేస్త్రీ. పేర్లు పిలిచేవాడు కాదు, వేలు చూపించేవాడు. నువ్వు, నువ్వు, ఆ యమ్మ. ఒక ఏడు ఆ వేలు మా అమ్మను దాటిపోయింది. కిందటేడు కూలి లెక్క దగ్గర గట్టిగా అడిగిందట. లారీ ఎక్కినవాళ్లలో సగానికి సగం మేస్త్రీ చుట్టాలే. అమ్మ ఇంటికొచ్చి మూట విప్పి ఆ సద్ది మాకే పెట్టింది. ఆ ఏడంతా మార్కాపురంలో పిన్నమ్మ ఇంట్లో ఉండి పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఇరవై ఏళ్లుగా సియాటిల్‌లో ఉంటున్నాను. అమెరికా గురించి ఏమన్నా రాయమని ఊరి నుంచి అడుగుతుంటారు. నాకు రాయాలనిపించేది ఆ వేలి గురించే. ఈ దేశపు కూలీలు కూడా తరాల తరబడి దానితోనే కొట్లాడారు.

శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పొద్దున్నే జనం గుమికూడితే గ్యాంగ్ బాసు వచ్చి కావాల్సినవాళ్లను ఏరుకునేవాడు. పని కావాలంటే అతని చెయ్యి తడపాలి. 1934 మేలో కూలీలు సమ్మెకు దిగారు. జూలై 5న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ నెలలోనే నాలుగు రోజులు నగరం నగరమంతా పని ఆపేసింది. అక్టోబరులో మధ్యవర్తుల తీర్పు వచ్చింది: పని పంచే హాలును యాజమాన్యం, యూనియన్ కలిసి నడపాలి, పేర్లు పిలిచే డిస్పాచర్‌ను యూనియన్ ఎంచుకోవాలి. నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్ కూడా మనలాగే వలసవాడు, ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. ఆ హాల్లో వాళ్లు పెట్టుకున్న నియమం నాకు ప్రాణం. ఎవరికి తక్కువ గంటలు పని దొరికిందో వాళ్లనే ముందు పిలవాలి.

మా సియాటిల్ కథ ఇంత తేలిగ్గా తెగలేదు. ఇక్కడి నుంచి ఏటా ఎండాకాలంలో వేలమంది ఫిలిపినోలు అలాస్కాకు పోయేవాళ్లు, సాల్మన్ చేపలు కడిగి డబ్బాలకెత్తే పనికి. వాళ్లను పోగేసేది లేబర్ కాంట్రాక్టర్లు, అచ్చం మన మేస్త్రీలే. అడ్వాన్సు, తిండి ఖర్చు, జూదం బాకీ అన్నీ పట్టుకోగా సీజను చివర చేతికొచ్చేది చిల్లర. 1933లో వాళ్లు యూనియన్ కట్టారు. దాని మొదటి అధ్యక్షుడు వర్జిల్ డుయుంగన్‌ను, కార్యదర్శి ఆరేలియో సైమన్‌ను 1936 డిసెంబరు 1న కాల్చి చంపారు. ఆ తర్వాత కాంట్రాక్టర్ల పెత్తనం పోయింది. పని పంచే హాలు యూనియన్ చేతికి వచ్చింది.

అక్కడితో వేలు మాయమై ఉంటే ఎంత బాగుండేది! ఏళ్లు గడిచేకొద్దీ అది యూనియన్ హాల్లోనే మళ్లీ మొలిచింది. డిస్పాచర్‌కు లంచమిస్తేనే పేరు పిలిచేవాడు. జూదపు ముఠాలు తమ మనుషులను అలాస్కాకు పంపించుకునేవి. దాన్ని మారుస్తామని ఇద్దరు కుర్రాళ్లు ఎన్నికల్లో గెలిచారు: సిల్మె డొమింగో, జీన్ వియర్నెస్. డిస్పాచర్‌గా వియర్నెస్ సీనియారిటీ ప్రకారమే పేర్లు పిలిచాడు, ముఠా చెప్పినవాళ్లను పంపనన్నాడు. 1981 జూన్ 1న పయొనీర్ స్క్వేర్‌లోని యూనియన్ ఆఫీసులోనే ఇద్దరినీ కాల్చారు. వియర్నెస్ అక్కడికక్కడే పోయాడు. డొమింగో ఒళ్లంతా రక్తంతో వీధిలోకి నడిచొచ్చి, కాల్చినవాళ్ల పేర్లు చెప్పి, మర్నాడు కన్నుమూశాడు. ఇద్దరికీ 29 ఏళ్లే. ఈ కేసులో యూనియన్ అధ్యక్షుడు టోనీ బరూసోకు శిక్ష పడటానికి 1991 దాకా పట్టింది. అప్పటికే, 1989లో, ఈ హత్యల వెనక ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ చెయ్యి కూడా ఉందని ఒక జ్యూరీ తేల్చింది. పయొనీర్ స్క్వేర్ మీదుగా పోయిన ప్రతిసారీ నా కాళ్లు కాసేపు ఆగుతాయి.

చట్టం ఏం చేసింది? యూనియన్ సభ్యుడైతేనే పని అనే షరతును 1947లో టాఫ్ట్ హార్ట్‌లీ చట్టం కొట్టేసింది. హాలు ఉండటం నేరం కాదని, సభ్యత్వం చూసి ఒకరిని పక్కన పెట్టడమే నేరమని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. మరి సభ్యత్వం ఎవరికి ఇస్తారు? న్యూ ఓర్లీన్స్‌లో పైపులకు ఆస్బెస్టాస్ చుట్టే పనివాళ్ల యూనియన్ సభ్యుల కొడుకులనూ దగ్గరి చుట్టాలనూ మాత్రమే చేర్చుకునేది. ఉన్నవాళ్లంతా తెల్లవాళ్లు, వచ్చేవాళ్లూ తెల్లవాళ్లే. 1964 పౌరహక్కుల చట్టం, పనికి పంపడంలో జాతిని చూడకూడదని యూనియన్లకు కూడా కచ్చితంగా చెప్పింది. 1969లో అప్పీలు కోర్టు ఆ చుట్టరికపు నియమాన్ని ఎత్తేసి, ఒక తెల్లవాణ్ణి పంపితే తర్వాత ఒక నల్లవాణ్ణి పంపాలని వరుస పెట్టింది. న్యూయార్క్ రేకుల పనివాళ్ల యూనియన్ మరీ మొండిది. నల్లవాళ్లను చేర్చుకోవడం లేదని 1964లోనే తేలింది. సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 1986లో. ఆ ఇరవై రెండేళ్లలో ఎంతమంది కుర్రాళ్ల చేతులకు పని నేర్చుకునే వయసు దాటిపోయిందో!

ఇదంతా పరాయివాళ్ల కథని నేననుకోలేను. నేనొచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీలో ప్రాజెక్టు లేక బెంచి మీద ఉండేవాణ్ణి. ప్రాజెక్టుకు నా రెజ్యూమె పంపుతానన్న పెద్దాయన తెలుగాయనే. ఫోన్లో ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. ఊరడిగాడు, తర్వాత ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. కాసేపు మాట లేదు. ఆ తర్వాత ఆయన నుంచి ఫోనే రాలేదు. మేస్త్రీ వేలు సముద్రం దాటి వచ్చిందని ఆ రాత్రి తెలిసింది. మనోడేనా అని అడిగిన ప్రతిసారీ, మనోడు కాని ఇంకెవరికో ఆ పూట పని పోతుంది.

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది, ఈ దేశంలో మొదటి నగరంగా. ప్రతిపాదించింది అప్పటి మండలి సభ్యురాలు క్షమా సావంత్. మన తెలుగువాళ్లలో చాలామంది దాన్ని వద్దన్నారు, మన పరువు పోతుందన్నారు. నేను కావాలన్నవాళ్ల వైపే నిలబడ్డాను. చట్టం రాగానే అందరి మనసులూ మారవని న్యూయార్క్ రేకుల పనివాళ్లను చూసి నేర్చుకున్నదే. అయినా, ఫోన్ రాని కుర్రాడు ఇప్పుడు ఒక గడప తొక్కి అడగగలడు.

మొన్న ఫోన్లో అమ్మకు ఈ రేవు హాలు సంగతి చెప్పాను. గంటల లెక్క అందరికీ కనపడేలా పెడతారని, తక్కువ దొరికినవాళ్లదే ముందు వంతని. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"తక్కువ దినాలు పని దొరికినోళ్లనే ముందు పిలుస్తారా?"

"అవునమ్మా."

"అందరికీ కనపడేట్టు యాడ రాస్తార్రా, పలక మీదనా?"