ధర నుంచి షరతుకు: డేటాబేస్ లైబ్రరీల లైసెన్సుల చరిత్ర

సికింద్రాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వృత్తి హైటెక్ సిటీ కన్నా పాతది. కంప్యూటర్ సంస్థ సీఎంసీ పరిశోధన కేంద్రం పనిచేసింది అక్కడే. 1987లో సత్యం కంప్యూటర్స్ మొదలైందీ, 1994లో రైల్వేల కాన్సర్ట్ రిజర్వేషన్ వ్యవస్థ తొలిసారి అమలైందీ అక్కడే. ఆనాడు డేటాబేస్ సాధారణంగా డబ్బిచ్చి కొనుక్కునే సరుకు కనుక లైసెన్సు చర్చ ప్రధానంగా ధర దగ్గరే ఆగేది.

ఓపెన్ సోర్స్ ఆ ధరను తొలగించి షరతును నిలిపింది. 1991 నాటి జీపీఎల్ రెండవ రూపం ప్రకారం, ఆ లైసెన్సు గల కోడును కలుపుకొన్న ప్రోగ్రాంను ఇతరులకు అందించేవారు దాని మూలకోడును, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠాన్ని, అవే షరతులతో ఇవ్వాలి; ఎల్‌జీపీఎల్ మాత్రం లైబ్రరీ వరకే ఆ నియమాన్ని పరిమితం చేసి, దాన్ని వాడుకునే సొంత ప్రోగ్రాంను మూసి ఉంచుకోనిస్తుంది.

2000లో జీపీఎల్ కిందికి వచ్చిన మైఎస్‌క్యూఎల్ విషయంలో అసలు చిక్కు సర్వర్‌తో కాదు, ప్రోగ్రాంలో చేరి సర్వర్‌తో సంభాషించే క్లయింట్ లైబ్రరీతో వచ్చింది. ఎల్‌జీపీఎల్‌లో ఉన్న ఆ లైబ్రరీని 4.0 వెర్షన్‌తో జీపీఎల్‌కు మార్చగా పీహెచ్‌పీ వంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు సైతం ఇరుకున పడ్డాయి. 2004లో మైఎస్‌క్యూఎల్ కంపెనీ వాటికి మినహాయింపు ఇచ్చినా, మూసిన కోడు అమ్మేవారిని కమర్షియల్ లైసెన్సు కొనమంది. బీఎస్‌డీ తరహా ఉదార లైసెన్సు గల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు ఈ బెడద ఎన్నడూ లేదు. 2000లో వచ్చిన ఎస్‌క్యూలైట్ తొలి రూపం జీపీఎల్ కింద ఉన్న జీడీబీఎం అనే లైబ్రరీ మీద నడిచినా, మరుసటి ఏడు సొంత నిల్వ విధానాన్ని సమకూర్చుకుంది. దాని కోడు ఎవరి హక్కూ లేని ప్రజా ఆస్తి. అయినా నమ్మకం కుదరని కంపెనీల కోసం దాని కర్తలు హామీపత్రం అమ్ముతున్నారంటే, ఉచితం కూడా న్యాయవాదులను కలవరపెట్టగలదన్నమాట.

ఖాతాదారు కోసం ప్రోగ్రాం రాసి అప్పగించే జంటనగరాల సేవా కంపెనీలకు అప్పగింత కూడా పంపిణీయే. కానీ మూలకోడుతో సహా అప్పగిస్తే, ఖాతాదారు దాన్ని తన కార్యాలయంలోనే వాడుకున్నంతకాలం బయటివారికి ఇవ్వవలసింది ఏమీ ఉండదు. తిరిగి అమ్మితేనే చిక్కు. జీపీఎల్ పేరు వినగానే వెనుదిరగడం అతి జాగ్రత్తే.

షరతులు ఉన్నచోట ఉండకపోవడం అంతకన్నా పెద్ద సమస్య. 2018లో మాంగోడీబీ సర్వర్, దాన్ని సేవగా అందించేవారి మీద భారం మోపే ఎస్‌ఎస్‌పీఎల్ అనే లైసెన్సుకు మారింది. ఒరాకిల్ 2006లో కొన్న బర్క్‌లీ డీబీ, 2013లో 6.0 వెర్షన్‌తో, నెట్‌వర్క్ ద్వారా వాడుకునేవారికి సైతం మూలకోడు ఇమ్మనే ఏజీపీఎల్‌కు మారగా, లినక్స్ పంపిణీ అయిన డెబియన్ పాత 5.3 వెర్షన్‌తోనే ఆగిపోయింది.