ఎర్ర నుంచి రబ్బరు కప్ప దాకా

పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోంచి ఘాటైన వాసన వచ్చింది. మిరపకాయలు మాడిన వాసన కాదు, వైరు కాలిన వాసన. పరుగున పోయి చూస్తే మా చిన్నోడు స్టవ్ మీద నా చిన్న కడాయి పెట్టి, అందులో ఏదో ఆకుపచ్చ ముద్దను గరిటెతో కలుపుతున్నాడు. పొగకు వాడికి దగ్గు ఆగట్లేదు, నా గొంతు కూడా మండింది. స్టవ్ ఆపి, కిటికీలు తీసి, వాణ్ణి బయటికి లాక్కొచ్చాను.

"ఏం చేస్తున్నావురా?"

"కప్పలు చేస్తున్నా అమ్మా."

వాడికి పదిహేనేళ్లు. కొల్లాపూర్ పిల్లలకు సోమశిల దగ్గర, కృష్ణ ఒడ్డున గాలం వేసే పిచ్చి మామూలే. ఈ మధ్య మాత్రం ఎర్రలు తవ్వడం మానేశారు. ఆన్‌లైన్‌లో మెత్తటి ప్లాస్టిక్ కప్పలు, పురుగులు, చిన్న చేపలు దొరుకుతున్నాయి. చేప రెండుసార్లు కొరికితే వాటి కాళ్లు, తోకలు తెగిపోతాయి. అలా తెగినవన్నీ పోగుచేసి, కరిగించి కొత్తవి పోసుకుందామని వాడి ఆలోచన.

గొడవ విని మా మామ అరుగు మీంచి లేచొచ్చారు. కడాయిలోని ముద్దను పుల్లతో పొడిచి చూసి, "దీన్ని చాప తింటదా?" అని అడిగారు. "తినదు తాతా, తినేదనుకుని మింగుతది" అన్నాడు వాడు. మామ నవ్వలేదు. "అట్లయితే మోసమే కదరా" అన్నారు.

కడాయి పాడైంది. కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఎర గురించి మామను అడుగుతూ, దొరికింది చదువుతూ పోయాను. అదంతా ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

మామ చిన్నతనంలో గాలం అంటే వెదురు కర్ర, దారం, ముల్లు, బెండు. బెండుకు జీలుగు కట్టె లేదా నెమలీక కాడ. ఏ చేపకు ఏ ఎర వేయాలో వాళ్లకు నోటి లెక్కే. జెల్లలకు ఎర్రలు, బొచ్చెకు, రవ్వకు పిండిముద్ద, వాలుగకు చిన్న చేప, కొర్రమీనుకు కప్ప. కప్పను చంపకుండా ముల్లుకు గుచ్చి, గడ్డి పక్కన నీళ్ల మీద ఆడించాలట. అది కాళ్లు కొట్టుకుంటుంటే కొర్రమీను ఒక్క ఊపులో వచ్చి అందుకుంటుంది. కొర్రమీను గాలి పీల్చే చేప కాబట్టి మాటిమాటికీ పైకి వస్తుంది. అది ఎక్కడుందో కనిపెట్టడానికి వాళ్లకు ఆ బుడగలే గుర్తు.

ఈ లెక్క మామ కాలంలో పుట్టింది కాదు. పాలమూరు ప్రాంతాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రాశాడు. రాజు తినే తిండి నుంచి ఆడే ఆటల దాకా అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో 'మత్స్యవినోదం' అని ఒక భాగం గాలంతో చేపలు పట్టడం గురించే. చేపల రకాలు, ఏవి ఏం తింటాయి, ఏ చేపకు ఏం పెట్టాలి, కర్ర ఎట్లా ఉండాలి, దారం ఎట్లా ఉండాలి అని వివరంగా చెప్పాడు. ఇది మామకు చెబితే ఆశ్చర్యపోలేదు. "రాజు గూడ చాపలోళ్లనడిగే రాసుంటడు బిడ్డా" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది.

ఇక ప్లాస్టిక్ ఎర కథ. అది మొదలైన చోటు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊరు. టైర్ల కంపెనీలకు పేరు పడ్డ ఊరది. అక్కడ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త 1926లో పీవీసీని మెత్తగా చేసే దారి కనిపెట్టాడు. పీవీసీ తనంతట తాను పెళుసు, గట్టి పదార్థం. దాన్ని కొన్ని నూనెలాంటి ద్రవాలతో కలిపి వేడిచేస్తే రబ్బరులా సాగుతుంది. రెయిన్‌కోట్లు, వైర్ల తొడుగులు, టేబుల్ మీద పరిచే షీట్లు అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

అదే ఊళ్లో 1949లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు ఈ మెత్తటి వినైల్‌తో వానపామును పోశాడు. అతనికి చేపలు పట్టడం ఇష్టం. ఎక్కడ పోశాడో తెలుసా? ఇంట్లో, వంట స్టవ్ మీద. అతని భార్య కాస్మా కూడా ఆ పనిలో తోడుంది. నిజమైన వానపాము నుంచి అచ్చు తీసి, వినైల్, నూనెలు, రంగులు కలిపి కాచి అందులో పోశారు. 1951లో పోస్టులో అమ్మడం మొదలుపెట్టారు, డాలరుకు 5. తర్వాత ఆ వ్యాపారం టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరికి చేరింది.

ఇది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కాస్మా గిన్నెలు. ఆమె ఏమనుకుందో, ఆ గిన్నెల్లో మళ్లీ వండిందో లేదో ఎవరూ రాయలేదు. మా చిన్నోడు మాత్రం గెలిచినట్టు చూశాడు. "చూశావా అమ్మా, అసలు కనిపెట్టిందే వంటింట్లో!"

కానీ వంటింట్లో పుట్టినంత మాత్రాన వంటింట్లో చేయదగిన పని కాదని చెప్పాలి. ఇంట్లో అచ్చుపోసేవాళ్లు వాడే ద్రవాన్ని ప్లాస్టిసాల్ అంటారు. మెత్తబరిచే ద్రవంలో పీవీసీ పొడి కలిపి ఉంటుంది, చూడటానికి చిక్కటి పాలలా ఉంటుంది. సుమారు 175 డిగ్రీల వేడికి అది చిక్కబడి, మళ్లీ పలచబడి, తేటగా మారుతుంది. అప్పుడు అచ్చులో పోసి చల్లారిస్తే మెత్తటి బొమ్మ వస్తుంది. వేడి ఎక్కువైతే మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వదులుతుంది. ఆరోజు మా గొంతులు మండింది అందుకే. అచ్చులో నీటి చుక్క ఉంటే కాగిన నూనెలో పడినట్టే చిటపటమని మీద పడుతుంది. పైగా మెత్తబరిచే ఆ ద్రవాలు తిండి గిన్నెల్లో ఉండకూడనివి. అవి ఎంత పాకుతాయో మాకు వాడి స్కేలు చెప్పింది. జామెట్రీ బాక్స్‌లో రబ్బరు పురుగును స్కేలు మీద పెట్టి మర్చిపోయాడు. కొన్నాళ్లకు చూస్తే స్కేలు మెత్తబడి, పురుగు దానికి అతుక్కుపోయింది. దాన్ని చూశాకే వాడు కడాయి సంగతి ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి పెరట్లో, గాలి ఆడేచోట, పాత కరెంటు పొయ్యి మీద, ఆ పాడైన కడాయిలోనే చేయాలని నియమం పెట్టాం. కళ్లద్దాలు, చేతికి తొడుగులు, పక్కన మేమెవరో ఒకరు. కడాయి మీద ఎర్ర పెయింటుతో గుర్తు వేశాను, పొరపాటున లోపలికి రాకుండా.

వాడు చేసే మార్పులు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి. బంకమట్టితో కప్పను చేసి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తీస్తాడు. కాళ్లను బ్లేడుతో సన్నటి పీలికలుగా కోస్తాడు, మెల్లగా లాగినా ఆడాలని. కడుపులో చిన్న మేకు ముక్క దూరుస్తాడు, నీళ్లలో తిరగబడకుండా. ఉప్పు కలిపితే బరువెక్కుతుందట. తెగిన కాలును కాల్చిన బ్లేడుతో మళ్లీ అతికిస్తాడు. కృష్ణకు వరద వచ్చి నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు నల్ల కప్ప, నీళ్లు తేటపడ్డాక ఆకుపచ్చ కప్ప. ఈ రంగుల లెక్క వాడికి తాత చెప్పిందే. బురద నీళ్లలో చేపకు రంగు కనపడదు, నీడ కనపడుతుందని ఆయన అన్నారు.

అలా తాతా మనవళ్ల మధ్య మాట కలిసింది. కానీ నది దగ్గర ఒకసారి తెగింది. అది చెప్పాలంటే 1981 చెప్పాలి.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 వేసవిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. కదలని వాళ్ల ఇళ్లను కూలగొట్టారు. 'ఆపరేషన్ డిమాలిషన్' అని ఆ పనికి పేరు. మా మామ ఊరు అందులో ఒకటి. అప్పటికాయనకు పాతికేళ్లు. గుళ్లను మాత్రం రాయి రాయికి గుర్తులు వేసి విప్పి పైకి తెచ్చారు. జటప్రోలు మదనగోపాల స్వామి గుడి, సోమశిల గుళ్లు, కూడవెల్లి నుంచి ఆలంపూర్‌కు చేరిన సంగమేశ్వరాలయం అలా నిలిచినవే. ఇళ్లకు ఎవరూ గుర్తులు వేయలేదు. ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగమని 1986లో 98వ జీవో వచ్చింది. ఆ జీవో నంబరు చెబితే కొల్లాపూర్‌లో ఇప్పటికీ ఎంతమంది నిట్టూరుస్తారో ఇక్కడివాళ్లకు తెలుసు.

నది జలాశయమయ్యాక చేపలు పట్టే తీరూ మారింది. పారే నీటిలో మడుగు ఎక్కడుందో తెలిసినవాళ్లకు ఆ మడుగులే లేవు. నిండినప్పుడు 885 అడుగుల మట్టం, వేసవిలో ఎంతో కిందికి. కోస్తా నుంచి జాలర్లు వలసొచ్చారు. సన్నకన్నుల అలివి వలలతో చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నారని, ఆ వలలు ఆపాలని ఇక్కడి ముదిరాజులు, బెస్తలు ఏళ్లుగా కొట్లాడుతున్నారు. ఆ గొడవ ముందు ఒక పిల్లాడి గాలం ఎంత?

విచిత్రమేంటంటే ప్లాస్టిక్ పురుగు పేరు మోగింది కూడా ఇలాంటి నీళ్లలోనే. టెక్సాస్‌లో 1965లో పూర్తయిన శామ్ రేబర్న్ లాంటి జలాశయాల్లో అడవులకు అడవులు నిలబడ్డట్టే మునిగాయి. మామూలు గాలం వేస్తే కొమ్మలకు తట్టుకునేది. అందుకని ముల్లు కొనను మెత్తటి పురుగు ఒంట్లోనే దాచి వేయడం అక్కడివాళ్లకు అలవాటైంది. దాన్ని ఇప్పటికీ టెక్సాస్ రిగ్ అనే అంటారు. చేప కొరికితే ప్లాస్టిక్ నొక్కుకుపోయి ముల్లు బయటపడుతుంది. వాళ్లకు మునిగిన చెట్లు, మనకు మునిగిన ఊళ్లు.

ఆరోజు నీళ్లు బాగా తగ్గాయి. తాత, మనవడు, నేను వెళ్లాం. వాడు కొత్త కప్పను దూరంగా విసిరాడు. లాగుతుంటే దారం బిగుసుకుంది. ఎటు తిప్పినా రాలేదు.

"యాడ తట్టుకున్నదిరా?" అని మామ ఒడ్డున నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. కుడిపక్క గుట్టను, ఎదుటి ఒడ్డును మార్చి మార్చి చూసి, "ఆడ మా పెద్దనాయిన దొడ్డిగోడ ఉండె" అన్నారు.

చిన్నోడు దారం తెంపేశాడు. "పోనీ తాతా, పదిరూపాయల కప్ప. ఇంకోటి పోస్తా."

మామ ఏమీ అనలేదు. వాడు సంచిలోంచి ఇంకో కప్ప తీస్తుంటే మాత్రం ఆ చేయి పట్టుకున్నారు. "ఎర్రయితే కుళ్లిపోతది. కప్పయితే ఏదో ఒకటి తింటది. ఇది మా ఇంట్ల ఎన్నేండ్లుంటది?"

ఆ 'మా ఇంట్ల' అన్న మాటకు వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నలభై ఏళ్లకు పైగా నీళ్ల కింద ఉన్న దాన్ని ఆయన ఇంకా ఇల్లనే అంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చే దారంతా ఎవరం మాట్లాడలేదు.

తర్వాత వాడు జెలటిన్, గ్లిజరిన్ కలిపి కరిగిపోయే ఎర చేయాలని చూశాడు. వాసన లేదు, పొగ లేదు, నాకు నచ్చింది. కానీ మన ఎండలకు సంచిలోనే మెత్తబడి ముద్దయింది. చలికాలంలో మళ్లీ చూస్తానన్నాడు. ఈలోపు రబ్బరు కప్పలకు ముల్లు కొన లోపల దాచే పద్ధతే వాడుతున్నాడు. తట్టుకోవడం బాగా తగ్గింది. చిరిగినవి ఒడ్డున పారేయకుండా డబ్బాలో, అది గాజు డబ్బా, వేసి తెస్తాడు. ఎన్ని తీసుకెళ్లాడో, ఎన్ని తెచ్చాడో గోడ మీది క్యాలెండర్‌లో రాస్తాడు. నీళ్లు తగ్గినప్పుడు గోడల దగ్గర ఇరుక్కున్న పాత దారాలు, ఎరలు ఎవరివైనా సరే ఏరుకొస్తాడు.

మామ ఇంకో షరతు పెట్టారు. వానాకాలంలో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుగా పైకి తేలినప్పుడు తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్పను వేస్తే ఖాయంగా పడతాయి. ఆకలికి కాదు, పిల్లలను కాయడానికి దూకుతాయి. కాపలా పోతే ఆ పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. "అది మోసంల మోసం. అట్ల పట్టొద్దు" అన్నారు. ఇది మా ఇంట్లో ఎవరూ దాటని మాట.

పోయినవారం చిన్నోడు ఒక కిలో పైన ఉన్న కొర్రమీను తెచ్చాడు. చింతపులుసు పెట్టాను, మంచి కడాయిలో. మామ ముల్లు తీసుకుంటూ, "రబ్బరు కప్పకేనా?" అని అడిగారు. "అవును తాతా. కప్ప గూడ ఇంటికొచ్చింది" అన్నాడు వాడు. మామ ఇంకో ముక్క వేయించుకున్నారు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా నీళ్ల కింద ఉండిపోయిన ఊరేదైనా ఉంటే, అక్కడ ఏ చేపకు ఏ ఎర వేసేవాళ్లో ఒకసారి అడిగి చూడండి. చేపల గురించి మొదలుపెట్టి ఇంటి గురించి చెబుతారు.