మంచుబండ్లు – బాటహక్కులు

మన భాషలో మంచు అను ఒక్క మాటతోనే మూడు వస్తువులను చెప్పుచుందుము. ధనుర్మాసపు వేకువను గడ్డిపరకపై నిలిచిన బిందువు మంచు. త్రోవ కానరానీయక కమ్ముకొను పొగయు మంచే. శీతలదేశములలో ఆకసమునుండి దూదివలె రాలి, నిలువెత్తు పేరుకొని, నెలల తరబడి కరగకయుండునదియు మంచే. ఈ మూడవ మంచు మన ఊళ్ళలో పడదు. కావున నేడు నేను చెప్పబోవు చరిత్ర దూరదేశపు ముచ్చటగా తోపవచ్చును. కాని దానిలోని ప్రశ్న మనకును చెందినదే. అందఱి సొత్తయిన నేలపై నడచుటకు అనుజ్ఞ యేల? ఆ అనుజ్ఞ నిచ్చువాడు ఏ నియమమునకు లోబడి ఈయవలెను?

అమెరికా పశ్చిమభాగమున పర్వతప్రాంతములలో, శీతకాలమున, పాత మంచుబండ్లు గలవారు వాని నొకచోటికి తెచ్చుకొని రెండుమూడు దినములు కలిసి తిరుగుట ఒక వేడుక. ఆ బండ్లను స్నోక్యాట్లందురు. మాటకు మాట చెప్పినచో హిమమార్జాలము. చక్రములకు మాఱుగా వెడల్పైన పట్టాలు గలిగి, బరువును విరివిగా పఱచి, మెత్తని మంచులో దిగబడక పోవుట దీని గుణము. చుట్టును మూసిన గది యుండుటచే లోపలివారికి గాలి సోకదు. మన తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోయినట్లే వీరును కుటుంబములతో పోవుదురు. అయితే తిరునాళ్ళకు త్రోవ ముందే యుండును. వీరు త్రోవను అడిగి తెచ్చుకొనవలెను. త్రోవ లేనిచోట నడచుటకే పుట్టిన బండికి త్రోవకై అర్జీ పెట్టుకొను గతి యెట్లు పట్టినదో చూతము.

కెనడా దేశములోని క్విబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను గ్రామము కలదు. అచట 1907లో జన్మించిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే బాల్యమునుండి యంత్రములయందు ఆసక్తి గలవాడు. 1922లో, పదునైదేండ్ల ప్రాయమున, పాత మోటారు ఇంజనుతో ఒక మంచుబండిని నడిపెను. ఆ కాలమున అక్కడి పల్లెలు శీతకాలమున రాకపోకలు లేక తెగిపోవుచుండెను. 1934లో ఆతని రెండేండ్ల కుమారునికి కడుపులో వ్యాధి ముదిరెను. బాటలన్నియు మంచుతో పూడియుండుటచే ఆసుపత్రికి చేర్చుటకు వీలులేక బిడ్డ మరణించెను. తండ్రి మునుపే ప్రారంభించిన ప్రయత్నము అటుపిమ్మట పట్టుదలగా మాఱెను. 1937లో పండ్లచక్రముతో త్రిప్పు పట్టాకు పేటెంటు లభించెను. ఆ యేడే ఏడుగురు కూర్చుండదగిన బండియు, 1942లో పండ్రెండుగురు కూర్చుండదగిన బండియు వెలువడెను. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు వీనిలో ప్రయాణము చేసిరి. 1948లో క్విబెక్ ప్రభుత్వము శీతకాలమునను బాటలపై మంచు తీయించవలెనని చట్టము చేయగా ఈ బండ్ల గిరాకి తగ్గెను. బొంబార్డియే అడవులలోను చిత్తడి నేలలలోను పనిచేయు మస్కెగ్ అను ట్రాక్టరును, 1959లో స్కీడూ అను చిన్న బండిని తయారుచేసెను.

అదే కాలమున అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున ఎమిట్ టక్కర్ అను నాతడు వేఱొక మార్గమున ఈ సమస్యను సాధించెను. మెడ్‌ఫర్డ్ పట్టణమున ఆతని కర్మాగారము. ఆతని బండ్లలో ప్రసిద్ధి కెక్కినవి నాలుగు మూలల నాలుగు పట్టాలు గలవి. నాలుగును ఇంజను బలముచే తిరుగును. వాని శక్తి లోకమునకు తెలిసినది దక్షిణధ్రువఖండమున. 1957 నవంబరు 24వ తేదీన వివియన్ ఫుక్స్ నాయకత్వమున ఒక దండు వెడెల్ సముద్రతీరమునుండి బయలుదేరెను. వారి బండ్లలో టక్కర్ స్నోక్యాట్లు నాలుగు, ఒక మస్కెగ్, యుద్ధకాలమున సైన్యమునకై చేసిన వీజిల్ బండ్లు కొన్ని ఉండెను. ఆ మార్గమున మంచులో అగాధమైన నెఱ్ఱెలు కలవు. పైన పలుచని మంచు కప్పియుండుటచే అవి కంటికి కానరావు. ఒకమారు ఒక స్నోక్యాట్ నెఱ్ఱెపై వ్రేలాడి నిలిచిపోయెను. దానిని మిగిలిన బండ్లతో లాగి గట్టుకు చేర్చిరి. 1958 జనవరి 19వ తేదీన వారు ధ్రువమును చేరిరి. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ వేఱొక దిక్కునుండి ట్రాక్టరులతో వచ్చి 4వ తేదీననే అచట నుండెను. మార్చి 2వ తేదీన ఫుక్స్ ఆవలి తీరమును చేరెను. 99 దినములలో 2,158 మైళ్ళు. దారిలో వీజిళ్ళును మస్కెగ్గును విడువబడినవి. నాలుగు స్నోక్యాట్లును కడముట్టినవి.

అంతవరకు మంచుబండి సాహసమునకును అవసరమునకును సాధనము. ఎవరును దానిని నీకు ఈ త్రోవ లేదని ఆపలేదు. ఆపుటకు త్రోవయే లేదు గదా! 1960 తరువాత స్థితి మాఱెను. చిన్న మంచుబండ్లు వేలకొలది అమ్ముడుపోయి, అవసరమునకు పుట్టిన యంత్రము వినోదమునకు వచ్చెను. మనుష్యసంచారము లేక శీతకాలమున విశ్రమించు అడవులలో ఇంజనుల మ్రోత వినవచ్చెను. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోనికి 1955లో బొంబార్డియే పెద్దబండ్లు యాత్రికులను కొనిపోయెను. 1963లో చిన్నబండ్లు ప్రవేశించెను. చలికి తిండి దొఱకక, ఉన్న కొవ్వుతోనే నెలలు గడపు అడవిదున్నలును దుప్పులును బెదరి పరుగెత్తిన, ఆ శక్తిని మరల కూడబెట్టుట వానికి కష్టము. ఒక బండివాని గడియ వేడుక ఒక మృగమునకు ప్రాణాంతకము కావచ్చును. నియమములకు ఇదియే ప్రథమకారణము. రెండవ కారణము మనుష్యులలోనే కలదు. కాలినడకను మంచుపలకలపై జాఱుచు నిశ్శబ్దమును కోరి వచ్చువాడును, బండిలో వచ్చువాడును ఒకే బాటపై ఎదురుపడిరి.

1964లో చేసిన అరణ్యరక్షణ చట్టము కొన్ని భూములలో మోటారుబండ్లను పూర్తిగా నిషేధించెను. 1972 ఫిబ్రవరి 8వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ ఒక ఉత్తరువు చేసెను. అప్పటికి బాట విడిచి తిరుగు వినోదపు బండ్లు దేశమున 50 లక్షలున్నవని ఆ ఉత్తరువే పేర్కొనెను. ఏ భూములు ఇట్టి బండ్లకు తెఱచియుండవలెనో, ఏవి మూయవలెనో ప్రతి శాఖయు నిర్ణయింపవలెననియు, నేలకును చెట్లకును నష్టము, మృగములకు బాధ, జనులలో పరస్పర వివాదము సాధ్యమైనంత తగ్గునట్లు బాటల నేర్పఱుపవలెననియు దాని సారాంశము. కాని ఉత్తరువు వేఱు, ఆచరణ వేఱు. అటవీశాఖ 2005లో మోటారుబాటల నియమమును చేసినప్పుడు మంచుబండ్లను గూర్చి నిర్ణయించుటయు మానుటయు స్థానికాధికారుల యిష్టమునకు విడిచెను. అది చెల్లదని 2013లో ఐడహోలోని ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2015లో క్రొత్త నియమము వచ్చెను. దాని ప్రకారము మంచు తగినంత పడు ప్రతి అడవిలోను మంచుబండ్లకు ఏ బాటలు, ఏ ప్రదేశములు, ఏ కాలమున అనునది పటముపై గుర్తింపవలెను. ఎల్లోస్టోన్‌లో ఏండ్లతరబడి వ్యాజ్యములు నడచి 2013లో ఒక నిర్ణయము కుదిరెను. దినమునకు 110 ప్రయాణములు. ఒక పెద్దబండి యైనను, పది వఱకు చిన్నబండ్ల గుంపైనను ఒక ప్రయాణము. కూలిమార్గదర్శి లేక తామే పోగోరువారికి నాలుగు ద్వారములలో ఒక్కొక్కదానికి దినమున కొక్క గుంపు, అందును బండ్లు అయిదింటికి మించరాదు. ఆ అవకాశము చీట్లు వేసి పంచుదురు.

బాట దొఱకినంతమాత్రమున పని ముగియదు. పదిమంది కూడుటయే వేఱొక ప్రశ్న. ఈ విషయమున చరిత్ర మంచునుండి కాక టెక్సాస్ అడవులనుండి వచ్చినది. రెయిన్‌బో ఫ్యామిలీ అను పేర వేలకొలది జనులు అడవులలో కూడుచుండిరి. పర్మిట్ లేదని ప్రభుత్వము వారిపై వ్యాజ్యము వేసెను. 1988లో న్యాయాధిపతి విలియం వేన్ జస్టిస్ ఆ పర్మిట్ నియమమే చెల్లదనెను. అభిప్రాయము చెప్పుటకు కూడువారిని ఒక విధముగను, ఇతరులను ఒక విధముగను చూచు నియమము స్వేచ్ఛకు విరుద్ధమని ఆతని భావము. ఆ పాఠముతో 1995లో అటవీశాఖ క్రొత్త నియమమును వ్రాసెను. పాల్గొనువారును చూచువారును కలిపి 75 మంది లేక అంతకు మించినచో పర్మిట్ కావలెను. లాభాపేక్ష లేని కూటమైనచో 72 గంటలు ముందుగా అర్జీ పెట్టినం జాలును. అధికారి 48 గంటలలో కాదనకున్న అనుజ్ఞ లభించినట్లే. కాదన్నచో కారణము వ్రాసి యీయవలెను. దానిపై న్యాయస్థానమునకు పోవచ్చును.

శ్రోతలు ఈ నియమమును కొంచెము నిదానించి చూడవలెను. ఇందు అర్జీదారునకు గడువు కలదు. అధికారికిని గడువు కలదు. మౌనము నిరాకరణము కాదు, అంగీకారము. దర్బారులలో నెలల తరబడి కాచుకొను అర్జీదారుల కథలు మన దేశచరిత్రలో చాల చదివియున్నాము. అచట అనుజ్ఞ ప్రభువు దయ. ఇచట అనుజ్ఞ ముందుగా తెలిసిన ధర్మము. ఈ రెంటికిని గల అంతరమే నా ప్రసంగమునకు ప్రాణము.

అయినను కూటము జరుపువాడు జాగ్రత్తతో నుండవలెను. అటవీభూమిపై ప్రవేశరుసుము వసూలు చేసినచో, మిగులు లేకున్నను అది వ్యాపారకూటముగా పరిగణింపబడును. అప్పుడు ఈ సులభమార్గము వర్తింపదు. 74 మందియే వత్తురని కాగితముపై చూపి, వేడుక చూచుటకు వచ్చువారిని లెక్కింపక విడుచుటయు తగదు. పార్కుల నియమములలో చిన్న మంచుబండి యనగా బరువు 1,000 పౌనులకు మించనిది. టక్కర్ బండి బరువు వేల పౌనులు. కావున అది అచట చిన్నబండి కాదు. యాత్రికులను కొనిపోవు లైసెన్సు లేదు గనుక పెద్దబండి వరుసలోను చేరదు. అటవీశాఖ నిర్వచనమో విశాలమైనది: మంచుపై పట్టాతోగాని పలకలతోగాని నడచు మోటారుబండి యంతయు ఒక్కటే జాతి. ఇక రిజిస్ట్రేషను రాష్ట్రముల పని. ఒక రాష్ట్రపు నిర్వచనము వేఱొక రాష్ట్రమున సరిపడదు. స్వరాష్ట్రపు చీటీ పరరాష్ట్రమున చెల్లునో చెల్లదో వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ఆ రుసుములు ఊరక పోవునవి కావు. అనేక రాష్ట్రములలో వానితోనే మంచుబాటలను చదును చేయుదురు. చదును చేయు యంత్రమును స్నోక్యాట్ జాతిదే! బండిని లారీపై కొనిపోవునప్పుడు వెడల్పు 102 అంగుళములు మించెనా, ప్రతి రాష్ట్రమునను రోడ్డుకు ప్రత్యేక పర్మిట్ కావలెను. మంచుబాటపై ఎంతవఱకు వెడల్పు పట్టునో, వంతెన ఎంత బరువు మోయునో అటవీ కార్యాలయమున అడుగవలెను. కొన్ని అడవులలో మంచు 12 అంగుళములైన పేరుకొననిది బాట విడిచి పోరాదు. పట్టాల క్రింద లేతమొక్కలు నలుగుటయే అందుకు హేతువు. పటము, బీమా, రిజిస్ట్రేషను చీటీ, పర్మిట్, ఆపద వచ్చినచో చేరదగిన ఆసుపత్రి దూరము – ఇవి బయలుదేరుటకు ముందే చేత నుండవలెను.

ఇన్ని నియమము లుండగా వేడుక యెక్కడిదని కొందఱనవచ్చును. కాని నియమములేని కాలమున నేమి జరిగినదో ఈ చరిత్రయే చెప్పుచున్నది. బలముగల యంత్రము ముందుపోయెను. నోరులేని మృగమును, కాలినడకవాడును వెనుకబడిరి. నియమము వచ్చిన పిదప అధికారి యిష్టము అడ్డుపడెను. న్యాయస్థానములు దానిని కూడ నియమమునకు లోబఱచెను. బండివాడును కట్టుబడవలెను, అధికారియు కట్టుబడవలెను. ఈ రెండు కట్టుబాట్లలో ఏ యొకటి సడలినను అందఱి నేల కొందఱి నేల యగును.

బాట లేక తన బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి కష్టమునుండి ఈ బండి వృద్ధిపొందినది. బాట అనునది ఎంత విలువగలదో దాని చరిత్రయే సాక్ష్యము. అట్టి బాటను నడుచువారు, దాని కావలివారు, దానికి ఇరుప్రక్కల బ్రదుకు ప్రాణులు – మూడు పక్షముల క్షేమమును కోరి వ్రాసిన అర్జీ తలవంపు కాదు. అది పౌరుని గౌరవము.